బాలింత వాటా

పులుసు కుండ వాకిట్లో బోర్లా పడి ఉంది. కొరమీను ముక్కలు మట్టిలో దొర్లాయి. ఎర్రటి పులుసు గొర్రెపిల్లలను కట్టే గుంజదాకా పారి అక్కడ ఇంకిపోతోంది.

భాగీరథమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె నోరు ఎలాంటిదో నిడుగల్లు కొండ కింద ఊళ్ళన్నిటికీ తెలుసు. గొర్రెలవాళ్ళ వీధిలో ఆమెతో మాటకు మాట ఆడి గెలిచి ఇంటికి పోయినవాళ్ళు లేరు. అలాంటి మనిషి గరిటె దించడం కూడా మరిచి మొగుడి కాలినే చూసింది. పొయ్యి మీద నుంచి దించిన కుండను మొగుడు వాకిట్లోకి తెచ్చి కాలితో తన్నడం ఆమె తన కాపురంలో ఎన్నడూ చూడలేదు.

"ఏమొచ్చిందయ్యా నీకు?" అంది. "నీరుగంటి ఆంజినప్పను బతిమాలి తెచ్చుకున్న చేప అది. బాలింత నోటికాడి కూడు తన్నేదానికి నీకు కాలెట్లొచ్చింది?"

మల్లేశప్ప తలపాగా సర్దుకున్నాడు. విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"వాసనొచ్చింది," అన్నాడు.

"చేప వాసన రాకుండా సంపెంగ వాసనొస్తాదా?"

"అది కాదు మే. చెడిన వాసన."

"ప్రాణంతో ఎగురుతా ఉంటే నేనే బూడిదేసి తోమినా. చెడింది యాడ? తలకాయ పిల్లికేసి చూస్తిని. తినింది. అదిగో, గోడ మీద కూసోని మూతి నాక్కుంటాండాది. పిల్లి తిన్నది మనిషి తినకూడదా?"

ఆ ఇంట్లో అదొక కట్టు. అనుమానం ఉన్న తిండి ఏదైనా ముందు పిల్లికి పడుతుంది. పిల్లి బాగుంటే మనుషులు కూర్చుంటారు. భాగీరథమ్మకు ఆమె అత్త నేర్పిన తెలివి అది. నిన్నటిదాకా మల్లేశప్ప కూడా నమ్మినవాడే. ఇప్పుడు గోడ వైపు చూశాడు. పిల్లి గోడ దిగి కుడితి తొట్టి అంచు మీదికెక్కింది. తల వంచి నీళ్ళు నాకసాగింది. ఎంతసేపైనా తల ఎత్తలేదు.

లోపలి గదిలోంచి కోడలు ఓబమ్మ గొంతు వినిపించింది.

"అత్తా, రవంత నీళ్ళు."

"ఇప్పుడే గదా తాగితివి. బాలింత అన్నేసి నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడ్తాది. గమ్మున పొణుకో."

"నాలిక పిడచకట్టుకపోతాండాది అత్తా."

"వేడి చేసుంటాది. చెప్పేది విను."

ఓబమ్మకు ఇది రెండో కాన్పు. తల్లి లేని పిల్ల కనుక రెండు పురుళ్ళూ అత్తింట్లోనే జరిగాయి. మొదటి బిడ్డ పాలు చాలక పోయాడు. పాలు లేవు, పాలు లేవు అని వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఆ పిల్ల ముఖం మీదే అన్నారు. ఆ మాటలు పడింది ఓబమ్మే అయినా, మనసులో పెట్టుకున్నది మాత్రం భాగీరథమ్మ. ఈసారి ఆడపిల్ల. ఈ పిల్లకు పాలు తక్కువ కాకూడదని ఆమె పట్టుబట్టింది. చేపల పులుసు తింటే పాలు పడతాయని అందరూ అంటారు. పడ్డాయి కూడా. రవిక తడిసిపోయేటన్ని పడ్డాయి.

మల్లేశప్ప ఆ గది వైపు చూసి గొంతు తగ్గించాడు.

"దొడ్లోకి రా. నీతో మాట్లాడల్ల."

"ఈడే మాట్లాడు. కుండ ఈడే గదా తన్నినావు."

"రా మే," అన్నాడు. ఆ గొంతులో ఏదో విని భాగీరథమ్మ గరిటె కింద పెట్టింది.

గొర్రెల దొడ్డి ఖాళీగా ఉంది. కొడుకు హొన్నూరప్ప మందను తోలుకొని కొండ పైకి పోయాడు. ఎండాకాలం అక్కడే ఆకూ అలమూ దొరుకుతుంది. దొడ్డి గోడకూ బాలింత గదికీ మధ్య ఉన్నది ఒక్క మట్టిగోడ. ఆ సంగతి ఆ మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఆ సమయంలో గుర్తు రాలేదు.

"మన నల్లకుక్క ఎట్ల చచ్చింది?" అని అడిగాడు మల్లేశప్ప.

"ఇప్పుడు కుక్క సంగతేంది?"

"చెప్పు మే."

"ఎట్లంటే, గొర్రెల మందు నీళ్ళు నాకి చచ్చింది. నీళ్ళకు నీళ్ళకు అని తొట్టి కాడే పడుండె. కాళ్ళు నాక్కుంటా నాక్కుంటా సచ్చె."

"ఆ మందే, మే. అది చెరువులో, గుండ్లమడుగులో ఉండాది."

భాగీరథమ్మకు అర్థం కాలేదు. శివరాత్రి దాటాక ఉన్ని సావుకారు వచ్చిన సంగతి ఆమెకు తెలుసు. యుద్ధం వచ్చినప్పటి నుంచి దండుకు కంబళ్ళు కావాలని ఉన్నికి గిరాకీ పెరిగింది. పేలు పట్టిన ఉన్ని తీసుకోనని చెప్పి, ఆ సావుకారే ఒక డబ్బా ఇచ్చి పోయాడు. దాని మీద పుర్రె బొమ్మ ఉంది. ఆ తెల్ల పొడిని నీళ్ళలో కలిపి గొర్రెలన్నిటినీ ముంచి తీశారు. పేలన్నీ రాలిపోయాయి.

"ఆ నీళ్ళు నువ్వు యాడా పారబోయలేదు గదా," అంది. "గుంత తీసి పూడిస్తివి. నేనే మన్నెత్తి పోస్తిని."

"పూడిస్తి. సావుకారు ఎట్ల చెప్పినాడో అట్లనే చేసినా. ఆ వెనకాల బొచ్చు కత్తిరించినాం గదా."

"అయితే?"

"కడగకుండా కత్తెర పెడ్తామా?"

భాగీరథమ్మ ఖాళీ దొడ్డిని కలయజూసింది.

కడగని గొర్రె మీద కత్తెర పెట్టరు. అది వాళ్ళ తాతల నాటి కట్టు. కత్తెరకు పసుపూ కుంకుమా పెట్టి, మందను గుండ్లమడుగులోకి దింపి, మొలలోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క గొర్రెనూ ఉన్ని తెల్లబడేదాకా చేత్తో రుద్ది కడుగుతారు. సావుకారు పట్నం మనిషి, అతనికి ఈ కట్టు తెలియదు గనుక చెప్పలేదు. ఉన్ని మందును పట్టి ఉంచుకుంటుందని మల్లేశప్పకు తెలియదు గనుక అడగలేదు. భక్తిగా, చేతులారా, మందంతా మడుగులో కడిగి వచ్చాడు.

అప్పుడు చెరువులో ఇంకా నీళ్ళున్నాయి. ఎండలు ముదిరి ఇప్పుడు రెండే చోట్ల మిగిలాయి. తూము దగ్గర పశువులు తాగే గుంట ఒకటి. అవతలి కొసన బండల కింద గుండ్లమడుగు ఒకటి. చెరువులోని చేపలన్నీ లోతు వెతుక్కుంటూ ఆ మడుగులోకే చేరాయి.

"పొద్దున కట్ట మీద నుంచి చూస్తి," అన్నాడు మల్లేశప్ప. "చిన్న చేపలు తెల్లగా కడుపులు పైకి పెట్టి తేల్తాండాయి. కొంగ ఒక్కటీ వాలలేదు. కుక్క గుర్తుకొచ్చింది. పరిగెత్తుకోని వస్తి. వచ్చేతలికి నువ్వు కుండ దించుతాండావు."

భాగీరథమ్మ గోడకు ఆనుకుంది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఎవరికన్నా చెప్పినావా?"

"లే."

"చెప్పొద్దు."

"ఊరంతా తినే చేప మే అది."

"నీకేమన్నా మతుందా? పోయినేడు ఈ రైతులంతా ఏమన్నారు? గొర్రెల్ని చెరువులోకి దింపొద్దనలేదా? నువ్వు గంగమ్మ ముందర చేతిలో నీళ్ళు పట్టుకోని ఒట్టేసినావు. మా గొర్రెల వల్ల చెరువుకు చేటొస్తే మా మంద ఈ నీళ్ళు ముట్టదంటివి. ఈ వీధి తరపున అందరి నోరూ నువ్వే అయితివి. ఇప్పుడు పోయి చెప్తే ఏమైతాది? మన మందే కాదు, ఈ వీధిలో ఉండే మందలన్నీ పోతాయి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్తాదయ్యా."

"చెప్పకుంటే మనుషులు పోతారు."

"ఎట్ల పోతారు? పిల్లికేమైంది? పేగులు తీసి, ఉప్పేసి కడిగి, చింతపులుసులో కుతకుత ఉడికిస్తాం. చింతపండు విషాన్ని విరుస్తాదని మా అవ్వ చెప్పేది."

"ఉన్ని పట్టుకున్న మందును మాంసం పట్టుకోదా?"

జవాబు లేనప్పుడు భాగీరథమ్మ గొంతు పెరగడం రివాజు. ఈసారి పెరగలేదు. అదే మల్లేశప్పను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడే వీధి మొదట్లో డప్పు మోగింది. తళారి దొడ్డయ్య దండోరా వేస్తూ వస్తున్నాడు.

"వినండప్పో. రేపు పొద్దున చెరువు బేట. ఎండకు చేపలు తేల్తాండాయని పటేలు నారప్ప బేట ముందుకు జరిపినాడు. ఇంటికొక మనిషి గంపలూ వలలూ ఎత్తుకోని గుండ్లమడుగు కాడికి రావల్లప్పో."

వీధిలో పిల్లలు కేకలు వేశారు. ఎవరో ఈల కూడా వేశారు. ఆ ఏడు రాగులు సరిగా పండలేదు. చాలా ఇళ్ళలో సంగటి ఒంటిపూటకు వచ్చింది. ఊరంతా కలిసి చేపలు పట్టే ఆ బేట అంటే కడుపునిండా తిండి, తినగా మిగిలింది ఉప్పు పట్టించి మిద్దెల మీద ఎండబెట్టుకోవచ్చు.

బేటకూ ఆ ఊళ్ళో ఒక కట్టు ఉంది. పట్టిన చేపల్లో మొదటిది గంగమ్మకు. ఆ తర్వాతి వాటా బాలింతకు. పటేలు తానే పళ్ళెం పట్టుకొని బాలింత ఉన్న గడపకు పోతాడు. ఆమె కొంగు పట్టి దాన్ని తీసుకోవాలి. తీసుకుందాకా ఊళ్ళో ఏ ఇంట్లోనూ బేట చేప పొయ్యి ఎక్కదు. పాలిచ్చే తల్లి తిన్నాకే మిగతా ఊరు.

ఈ ఏడు ఊరి మొత్తానికీ ఉన్నది ఒక్కతే బాలింత.

* * *

దీపాలు పెట్టే వేళకు మల్లేశప్ప పటేలు ఇంటికి పోయాడు. భాగీరథమ్మ వాకిలికి అడ్డం నిలబడింది. ఆమెను తప్పించుకొని పోయాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. నారప్ప అరుగు కనబడేసరికి కూర్చుకున్నవన్నీ చెదిరిపోయాయి.

నారప్ప చెడ్డవాడు కాడు. తాతల నాటి భూములు, పెద్ద గొంతు, ఊరు తన మాట మీద నడవాలన్న పట్టుదల ఉన్నవాడు. అరుగు మీద స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడు. పక్కన నీళ్ళ చెంబు ఉంది. కింద నీరుగంటి ఆంజినప్ప వల చిరుగులు కుట్టుకుంటున్నాడు. చెరువు తూము తెరవడం, మూయడం, నీళ్ళు పంచడం ఆంజినప్ప పని. అందుకు ప్రతిగా బేటకు ముందే రోజూ గాలం వేసి నాలుగు చేపలు పట్టుకునే హక్కు అతనికి ఉంది.

"రా మల్లేశా," అన్నాడు నారప్ప. "రేపు నీ ఇంటి గడపకే వస్తాండా పళ్ళెం పట్టుకోని. కోడలు బాగుండాదా?"

"బాగుండాది పటేలప్పా." మల్లేశప్ప తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఒక మాట చెప్పల్లని వచ్చినా. ఈ ఏడు బేట వద్దు."

"ఏమి?"

"మడుగు నీళ్ళు చెడినాయి. చేపలు తేల్తాండాయి."

ఆంజినప్ప వల మీద నుంచి తల ఎత్తాడు. "అది ఎండ అన్నా. నీళ్ళు కాగిపోయి వాటికి ఊపిరాడల్యా. ఇంకో వారం ఆగితే అన్నీ చచ్చి కంపు కొడ్తాయి. అందుకే బిరీన పట్టుకుందామని నేనే పటేలప్పకు చెప్తి."

"ఎండ కాదాంజినప్పా."

"మరేంది?"

మల్లేశప్ప చంకలోని తలపాగాను ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. నారప్ప చెంబు ఎత్తి గటగటా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"చేపలకేమీ కాలేదు," అన్నాడు. "ఆంజినప్ప దినామూ ఒక కొరమీను తెచ్చిస్తాండాడు. నేను తింటాండా. నాకేమైంది? నీ ఇంటికీ పోతాండాదంట గదా?"

"పోతాండాది."

"నీ ఇంట్లో పులుసు ఉడకొచ్చు, ఊరు మాత్రం తినకూడదా? ఇదేం న్యాయమప్పా?"

"ఈ పొద్దు నుంచి మా ఇంట్లో వండల్యా పటేలప్పా. వండింది పారబోసినా."

"ఎందుకు?"

ఆంజినప్ప సూది ఆగింది.

"సరే, నీళ్ళు చెడినాయంటివి," అన్నాడు నారప్ప నిదానంగా. "ఎవరు చెడిపినారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మల్లేశప్ప రెండు చేతులూ పంచెకు తుడుచుకున్నాడు. నెల కిందట గొర్రెల ఉన్ని రుద్దిన చేతులవి.

నారప్ప అతన్ని కాసేపు చూసి నవ్వాడు. అతనికి అర్థమైంది వేరు.

"నాకు తెల్సులేప్పా నీ బాధ. ఊరంతా మడుగులో దిగితే నీళ్ళు బురదైతాయి. కొండ దిగొచ్చినాక నీ గొర్రెలకు నీళ్ళుండవు. దానికి ఈ కత చెప్పుకోని వచ్చినావు. చూడు మల్లేశా, జనాలు ఒంటిపూట తిని పొణుకుంటాండారు. నీ గొర్రెల కోసం వాళ్ళ నోళ్ళు కట్టమంటావా? పోయినేడు గంగమ్మ ముందర నువ్వు చెప్పిన మాట నేను మరవలేదు. నువ్వు మరిచినావేమో."

"మరవలేదు."

"అయితే పో. ఊళ్ళో పుల్లలు పెట్టొద్దు. ఇట్లాంటివి పెరిగితే తాలూకా కచ్చేరిలో అమల్దారు దాకా పోతాయి."

నారప్ప మళ్ళీ చెంబు అందుకున్నాడు. ఖాళీగా ఉంది. లోపలికి కేకేసి నీళ్ళు తెమ్మన్నాడు. తెచ్చేలోగా ఊరుకోలేక ఒక అరికాలును స్తంభం రాయికి ఆనించి రుద్దుకున్నాడు. తర్వాత రెండోది రుద్దుకున్నాడు.

"ఎండలో తిరిగి తిరిగి కాళ్ళు మండుతాండాయప్పా," అన్నాడు ఆంజినప్పతో.

మల్లేశప్ప ఆ కాళ్ళను చూశాడు. ఆ చెంబును చూశాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నాలుక పెగల్చుకొని ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. వీధిలోని మందలన్నీ, ఆ మందల మీద బతికే ఇళ్ళన్నీ అతని గొంతుకు అడ్డం పడ్డాయి. తలపాగా చంకలోనే పెట్టుకొని మెట్లు దిగాడు. పిరికివాడని అనడం తేలిక. అతని స్థానంలో నిలబడి అనడం కష్టం.

* * *

ఇంటికి వచ్చేసరికి బిడ్డ ఏడుస్తోంది. ఆకలి ఏడుపు. దీపం వెలుగులో ఓబమ్మ గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. బిడ్డ ఒళ్ళో ఉంది, రొమ్ముకు మాత్రం అందనివ్వడం లేదు. భాగీరథమ్మ ఎదురుగా కూర్చొని తల పట్టుకుంది.

"పాలియ్యి మే, పాలియ్యి," అంటోంది. "గొంతు పోతాది పిల్లకు."

"మామ రానీ అత్తా."

మల్లేశప్ప గడప దగ్గరే నిలబడ్డాడు. కోడలి ఎదుట గదిలోకి పోవడం అలవాటు లేదు.

"చెప్పినావా మామా పటేలప్పకు?" అని అడిగింది ఓబమ్మ.

మట్టిగోడ సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది. భాగీరథమ్మ వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"నోరు రాలేదమ్మా," అన్నాడు.

"నాకు దప్పికైతాండాది. ఎన్ని నీళ్ళు తాగినా తీరల్యా. వారం నుంచి అరికాళ్ళల్లో అగ్గి పెట్టినట్టుండాది. అత్త వాతమనింది. నేనూ వాతమే అనుకుంటి. మీరు దొడ్లో కుక్క సంగతి మాట్లాడుకుంటాంటే విన్యా."

"వారం నుంచా?" మల్లేశప్ప భార్య వైపు తిరిగాడు. "నువ్వు ఎన్ని మార్లు పెట్టినావు మే?"

భాగీరథమ్మ నేల మీద వేలితో గీసింది.

"దినామూ," అంది. "పురిటి స్నానమైనప్పట్నుంచి దినామూ పెడ్తాండా. పులుసు లేని పొద్దు ఎండుచేప కాల్చి పెడ్తి. అదీ ఆ మడుగుదే. పాలు పడ్తాంటే సంతోషమై ఇంకా పెడ్తి. మొదటి పిల్లోడు పోయినాడని... నా చేత్తోనే పెడ్తి గదయ్యా." అప్పుడు ఏడ్చింది. ఆ నోరున్న మనిషి గొంతు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

ఓబమ్మ అత్త భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. బిడ్డ తల రొమ్ము కోసం అటూ ఇటూ వెతుక్కుంటోంది. రవిక మీద తడి కనబడుతోంది.

"పోయినసారి పాలు లేక పోయినాడన్నారు," అంది. "ఈసారి కావలసినన్ని ఉండాయి. చేపలో ఉండేది నాలోకొచ్చింది గదా మామా. నాలో ఉండేది ఈ పిల్లకు పోదా? ఈ పాలు ఇయ్యల్నా, వద్దా? అదొక్కటి చెప్పండి."

ఇద్దరు పెద్దవాళ్ళున్నారు ఆ ఇంట్లో. ఎన్ని కాన్పులు చూశారో, ఎన్ని గొర్రెలను ఈనించారో. ఒక్కరూ చెప్పలేకపోయారు.

చివరికి భాగీరథమ్మ లేచింది. మేకలన్నీ మందతో కొండ మీద ఉన్నాయి. పొరుగింటికి పోయి వాళ్ళ మేకపాలు గిన్నెలో అడుక్కొని వచ్చింది. ఎందుకని పొరుగావిడ అడిగితే కోడలికి జ్వరమంది. గుడ్డ పీలిక పాలలో ముంచి బిడ్డ నోట పెట్టారు. బిడ్డ చప్పరించి ఉమ్మేసింది. మళ్ళీ పెట్టారు.

"రేపు పళ్ళెం వస్తాది," అంది భాగీరథమ్మ గుడ్డ పిండుతూ. "కొంగు పట్టి తీసుకో. తీసుకున్నాక దొడ్లో పూడుస్తాం. ఎవరికీ తెలీదు."

"నేను తీసుకుంటే ఊరంతా పొయ్యి ముట్టిస్తాది గదత్తా," అంది ఓబమ్మ.

* * *

పొద్దెక్కేసరికి గంపలు నిండాయని కేకలు వినిపించాయి. అంత సులువుగా ఏ ఏడూ పట్టలేదట. చేపలు పారిపోవడం లేదట, చేతికే వస్తున్నాయట. ఆ మాట చెప్పుకొని జనం నవ్వుకుంటున్నారు.

దొడ్డయ్య డప్పు ముందు నడిచింది. వెనక నారప్ప, అతని చేతుల్లో ఇత్తడి పళ్ళెం, అందులో పసుపు రాసిన కొరమీను, తమలపాకులు. ఆ వెనక ఊరు. గంపలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు ఇళ్ళకు పోకుండా ఈ వీధిలోనే నిలబడ్డారు. కట్టు కట్టే. బాలింత తీసుకోవాలి.

మల్లేశప్ప గడప పక్కన నిలబడ్డాడు. తెల్లవార్లూ నిద్రలేని కళ్ళు. కోడలు బయటికి రాకపోతే బాగుండునని అనుకున్నాడు. మైల అనో జ్వరం అనో చెప్పి ఈ పూట గడిపేయొచ్చు.

ఓబమ్మ వచ్చింది. తలకు గుడ్డ కట్టుకొని, బిడ్డను అత్త చేతికిచ్చి, గోడ పట్టుకొని నడిచి వచ్చి గడపలో నిలబడింది. కాళ్ళు నేలకు ఆనించడానికే ఆమెకు కష్టంగా ఉంది.

"తీసుకో తల్లీ," అన్నాడు నారప్ప. "గంగమ్మ తినింది. నువ్వు తిను, నీ బిడ్డకు పాలు పడనీ, ఊరు చల్లగుండనీ." ప్రతి ఏడూ అనే మాటే. ఈ ఏడు గొంతు బొంగురుగా ఉంది. ముఖం వడలిపోయింది. పళ్ళెం పట్టుకున్న చేతులు కొద్దిగా వణుకుతున్నాయి.

ఓబమ్మ కొంగు నడుముకు దోపుకొని ఉంది. తీయలేదు.

"కొంగు పట్టు మే," అని వెనక నుంచి భాగీరథమ్మ గొణిగింది.

డప్పు ఆగింది. జనంలో గుసగుస మొదలైంది. నారప్ప ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. మళ్ళీ మార్చుకున్నాడు. ఇంకా వేడెక్కని నేల మీద నిప్పుల మీద నిలబడ్డవాడిలా ఉన్నాడు.

"బిరీన తీసుకోమ్మా. నిలబడలేకుండా ఉండా. లోపల్నుంచి ఒక చెంబు నీళ్ళు కూడా తెప్పియ్యి. తెల్లారినప్పట్నుంచి ఒకటే దప్పిక."

ఓబమ్మ అతని పాదాల వైపు చూసింది.

"అరికాళ్ళు మండుతాండాయా పటేలప్పా?" అని అడిగింది.

నారప్ప ఆశ్చర్యపోయాడు. "నీకెట్ల తెల్సు?"

గంపల్లోంచి నీళ్ళు కారి మట్టిలో పడుతున్నాయి. అత్త చేతుల్లో బిడ్డ ఆకలికి మళ్ళీ ఏడుపు అందుకుంది. ఓబమ్మ పళ్ళెం ముట్టుకోకుండానే మామ వైపు తిరిగింది.

"మామా," అంది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మల్లేశప్ప తలపాగా తీసి పటేలు కాళ్ళ దగ్గర నేల మీద పెట్టాడు.